గ్రంథాలయం గోడ మీద ఎవరి పటాలు పెట్టాలి? రాజకీయాన్నీ కళనూ కలిపి బతికిన మనవాళ్లు

గోదావరిగట్టు

సభ్యులకు నమస్కారం. మా పట్టణ గ్రంథాలయంలో కొత్త పఠన మందిరం పూర్తయింది. ఒక గోడ మొత్తం చారిత్రక వ్యక్తుల పటాలకు కేటాయించారు. ఎవరివి పెట్టాలి, కింద ఏమి రాయాలి అన్నది తేల్చే పని నాకు అప్పగించారు. మీ సాయం కావాలి.

మామూలుగా ఇలాంటి పటాల కింద పేరు, బిరుదు, జనన మరణ తేదీలు ఉంటాయి. ఆంధ్రరత్న, ఆంధ్రకేసరి, దేశోద్ధారక అని చదివి పిల్లలు ముందుకు వెళ్లిపోతారు. ఆ మనిషి ఏమి చేశాడో తెలియదు. నా కోరిక వేరు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మన రాజకీయాలూ కళలూ ఒకే మనుషుల చేతుల్లో నడిచాయి. పొద్దున సత్యాగ్రహం, సాయంత్రం నాటకం అన్నట్టు బతికారు. ఇప్పుడు మనం పాఠ్యపుస్తకాల్లో ఒకరిని స్వాతంత్ర్య సమరం పాఠంలోనూ, మరొకరిని సాహిత్యం పాఠంలోనూ పెట్టి విడదీశాం. ఆ విడదీసిన వాటిని ఈ గోడ మీదైనా కలపాలని ఉంది.

నా మొదటి పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. చీరాల పేరాల ఉద్యమ నాయకుడిగానే మనకు తెలుసు. అయితే 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన నందికేశ్వరుని అభినయ దర్పణం ఆంగ్లానువాదం మీద ఆనంద కుమారస్వామి పేరు పక్కన ఉన్నది ఈయన పేరే. నాట్యంలో చేతి ముద్రల గురించి పాశ్చాత్య ప్రపంచానికి ఇంత వివరంగా చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. దానికి వాళ్లు ఆధారం చేసుకున్నది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. ఆ అనువాదం వెలువడిన నాలుగేళ్లకే ఆయన చీరాల ప్రజలను ఊరి బయటికి నడిపించారు. 39 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే, 1928 జూన్‌లో కన్నుమూశారు.

ఇలాంటి వాళ్ల పేర్లు చెప్పండి. గోడ మీద పన్నెండు పటాలకే చోటుంది కాబట్టి, పేరుతో పాటు ఎందుకో కూడా చెప్పండి. ఒకే ఒక్క నియమం: వాళ్ల ముఖ్యమైన పని 1956కు ముందు జరిగి ఉండాలి.

చీరాలమగ్గం

గోపాలకృష్ణయ్య గారి పేరు మొదట రాసినందుకు చాలా సంతోషం. మాది చీరాలలో నేత కుటుంబం. పటం కింద "చీరాల పేరాల ఉద్యమ నాయకుడు" అని మాత్రం రాసి వదిలేయకండి. ఆ పని ఎంత కష్టమైనదో బయటివారికి అర్థం కాదు.

చీరాల, పేరాల, పక్కనున్న పేటలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘం చేసింది. పన్ను ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. ఊళ్లో ఎక్కువమంది రోజు కూలి మీద బతికే నేతగాళ్లు. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు వచ్చినప్పుడు రెండు దారులు చెప్పారు. పన్ను కట్టకుండా అహింసగా ఎదిరించి జైళ్లకు వెళ్లడం, లేదా పురపాలక సంఘం హద్దులు దాటి బయట కాపురం పెట్టడం. జనం రెండోదాన్ని ఎంచుకున్నారు. 13,000 మందికి పైగా ఇళ్లు వదిలి పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు.

ఇప్పుడు మా పని సంగతి చెబుతాను. గుంటమగ్గం అంటే నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే మగ్గం. దాన్ని మంచంలా ఎత్తుకుపోవడం కుదరదు. కొత్త చోట మళ్లీ గుంట తవ్వాలి. మా వైపు ఇసుక నేల. తవ్వినకొద్దీ అంచులు జారిపోతాయి. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలకు, గంజి పెట్టి ఆరబెట్టాలంటే పొడవైన చదునైన వీధి కావాలి. గాలికి ఇసుక లేచి తడి పడుగుకు అంటుకుంటే ఆ రోజు పని పోయినట్టే. ఇంట్లో అందరికీ చేతి నిండా పని ఉంటేనే పూట గడిచే జనం, మే నెల ఎండల్లో, తాటాకు పాకల్లో ఈ బతుకు మొదలుపెట్టారు. దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. నడిపించిన నాయకుణ్ణి మధ్యలోనే అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. అయినా వెంటనే వెనక్కి రాలేదు.

రామదండు గురించి కూడా రాయండి. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు. దుగ్గిరాల వారు ఊరి జనాన్ని స్వచ్ఛంద సేవకులుగా తీర్చిదిద్దిన తీరు చూస్తే, రంగస్థలం తెలిసిన మనిషి పని అని తెలిసిపోతుంది. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం జరిగినప్పుడు జనాన్ని అదుపు చేసింది వీళ్లే.

పాతప్రతి

మంచి పని తలపెట్టారు గోదావరిగట్టు గారూ. నావి రెండు పేర్లు.

గరిమెళ్ల సత్యనారాయణ. 1893లో నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. "మాకొద్దీ తెల్లదొరతనము" పాట రాసి, ఊరూరా పాడి, దానికే జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక మళ్లీ పాడి మళ్లీ వెళ్లారు. ఆ పాట అంతగా పాకడానికి కారణం దాని బాణీ. సభలో ఒకరు ఎత్తుకుంటే జనమంతా అందుకోగలిగిన నడక అది. చదువు రానివాళ్ల నోట కూడా నిలిచింది. ఉప్పు, కల్లు, కోర్టు, చదువు అని ఒక్కొక్క బాధనూ పేరు పెట్టి చెబుతుంది. ఒక ఉద్యమ ప్రణాళికను పాటగా మలిచిన మనిషి ఆయన.

ఆయన చివరి రోజులు తలుచుకుంటే మనసు రగిలిపోతుంది. మద్రాసులో పేదరికంలో, అనారోగ్యంతో 1952 డిసెంబర్ 18న పోయారు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన మూడు రోజులకు. రాష్ట్రమంతా అట్టుడుకుతున్న ఆ వారంలో, మొదటి తరం పాటగాడు పోయాడని తలుచుకునే తీరిక ఎవరికి ఉంటుంది? మీ గోడ మీద ఆయనకు చోటు లేకపోతే నేను ఒప్పుకోను.

రెండో పేరు ఉన్నవ లక్ష్మీనారాయణ. పల్నాడులో పుల్లరికి, అంటే అడవిలో పశువుల మేతకు వేసిన పన్నుకు, వ్యతిరేకంగా జరిగిన సత్యాగ్రహం కారణంగా జైలుకు వెళ్లి, అక్కడ మాలపల్లి నవల రాశారు. హరిజనవాడలో ఉండే రామదాసు కుటుంబాన్ని కథకు నడుమ నిలబెట్టిన నవల. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం నడిపారు. ఇద్దరినీ ఒకే పటంలో పెడితే బాగుంటుంది. లక్ష్మీబాయమ్మ గారు లేకుండా ఆ నికేతనం లేదు.

ఓరుగల్లు

పేర్లన్నీ గొప్పవే. కానీ ఇప్పటివరకు వచ్చిన వాళ్లంతా గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉన్నవారే. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడటమే రాజకీయం అయిన చోట, పద్యం రాయడం ఎలాంటి పనో ఆలోచించండి.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ఆయన కోపంతో జవాబు వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. వాదానికి జవాబుగా ఒక పుస్తకాన్నే నిలబెట్టడం అంటే అది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, మనవాళ్లు ఏమి తిన్నారు, ఏ ఆటలు ఆడారు, ఎలాంటి బట్టలు కట్టారు అన్నది కావ్యాల్లో నుంచి ఏరి కూర్చిన చరిత్ర అది. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

దాశరథి కృష్ణమాచార్య గారిని నిజామాబాద్ జైల్లో పెట్టినప్పుడు కాగితం లేక బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. అదే జైల్లో తోడున్న వట్టికోట ఆళ్వారుస్వామికే తన అగ్నిధారను అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి ఎవరు? చిన్నప్పటి నుంచి ఇళ్లలో పనిచేసి, వంట చేసి, అక్షరాలు నేర్చుకుని, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి. గ్రంథాలయం గోడ మీద పుస్తకాలు మోసిన మనిషి పటం లేకపోతే ఎలా?

ఇంకొక పేరు. మఖ్దూం మొహియుద్దీన్. 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. ఉర్దూ కవి. సిటీ కళాశాలలో పాఠాలు చెప్పారు. కార్మిక సంఘాలు కట్టారు. హైదరాబాద్‌లో కమ్యూనిస్టు పార్టీని నిర్మించిన వాళ్లలో ఒకరు. 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తెలుగు పల్లెల రైతులు ఒక ఉర్దూ ప్రేమకవిని తమ ప్రతినిధిగా పంపారు. ఆయన గజళ్లు హిందీ సినిమాల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. వింటున్నవాళ్లలో చాలామందికి అవి మన మెదక్ మనిషివని తెలియదు.

నాట్యవిద్యార్థిని

గోదావరిగట్టు గారు అభినయ దర్పణంతో మొదలుపెట్టారు కాబట్టి నేను అక్కడి నుంచే అడుగుతాను. ఆ పుస్తకంలో ఒంటి చేతి ముద్రలు 28 ఉంటాయి. మొదటిది పతాకం. వేళ్లన్నీ చాచి, బొటనవేలు మడిచిన చెయ్యి. మేము మొదటి రోజు నేర్చుకునేది అదే. నాట్యారంభానికి అదే చెయ్యి, మేఘానికి అదే, అడవికి అదే, రాత్రికి అదే, నదికి అదే, వద్దని తోసిపుచ్చడానికీ అదే. ఒకే చెయ్యి మేఘమా, నిషేధమా అన్నది కన్ను, మెడ, ఒళ్లు కలిసి చెప్పాలి. పుస్తకం చూసి ఇది పట్టుబడదు. ఒకరి ఒంటి నుంచి మరొకరి ఒంటికి రావాలి.

దుగ్గిరాల వారు ఆ గ్రంథాన్ని అనువదిస్తున్న కాలంలో మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఆ విద్య ఎవరి ఒంట్లో ఉంది? ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల ఇళ్లలోని ఆడవాళ్ల ఒంట్లో. సంస్కర్తలు వాళ్ల మేజువాణీలను, అంటే పెళ్లిళ్లలో వేడుకల్లో పెట్టించే ఆటపాటలను, బహిష్కరించమని చెబుతున్న రోజులవి. ఆ బహిష్కారానికి కారణాలు నాకు తెలుసు. ఆడపిల్లల బతుకు పాడుకాకూడదనే తపన అందులో ఉంది. కానీ విద్యను పుస్తకంగా గౌరవించి, ఆ విద్య తెలిసిన మనుషులను ఊరి బయట నిలబెట్టిన కాలం కూడా అదే. మీ గోడ మీద ఆ రెండో సగం కనిపించకపోతే చరిత్ర సగమే రాసినట్టు.

అందుకు నేను చెప్పే పేరు బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని. తంజావూరులో ప్రతాపసింహుని కాలంలో ఉన్న ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని 1910లో పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు. అప్పటికే కందుకూరి వీరేశలింగం గారు ఆ కావ్యాన్ని, రాసిన స్త్రీని తీవ్రంగా నిందించి ఉన్నారు. నాగరత్నమ్మ పీఠికలో సూటిగా అడిగారు: సిగ్గు అనే నియమం ఆడవాళ్లకేనా? శృంగారం నిండిన వైజయంతీ విలాసాన్ని పంతులు గారు స్వయంగా చూసి అచ్చుకు ఒప్పుకున్నప్పుడు ఆ నియమం ఎక్కడికి పోయింది? తరువాత ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుని పుస్తకాన్ని నిషేధించింది.

ఆ నిషేధం ఎత్తివేసింది ఎవరో తెలుసా? మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం గారు, 1947లో. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీ ముందు రొమ్ము చూపిన ఘట్టం అందరూ చెబుతారు. ఒక దేవదాసి రాసి, మరొక దేవదాసి అచ్చువేయించిన కావ్యానికి ఆయన సంకెళ్లు విప్పిన సంగతి ఎవరూ చెప్పరు.

పాతప్రతి

అమ్మా, మీరు చెప్పిన దానిలో ప్రతి వాక్యం నిజమే. ప్రకాశం గారి పటం కింద ఆ విషయం తప్పక రాయాలి. ఆయన ఒంగోలులో చిన్నతనంలో ఆడవేషాలు కట్టి నాటకాలాడిన సంగతి స్వీయచరిత్రలో తానే రాసుకున్నారు. కళ విలువ తెలిసిన మనిషి.

కానీ నాగరత్నమ్మ గారి విషయంలో నాకు ఒక సందేహం. ఆమె పుట్టింది మైసూరు రాజ్యంలోని నంజనగూడు. బతికింది మద్రాసు. తిరువాయ్యూరులో త్యాగరాజ సమాధి కట్టించి అక్కడే తనువు చాలించారు. ఆంధ్ర, తెలంగాణ వ్యక్తుల గోడ మీద ఎలా పెడతాం? ఇక వీరేశలింగం గారిని తప్పుపట్టేలా ఒక పటం పెడితే రాజమహేంద్రవరం పక్కన ఉన్న ఊళ్లో బాగుంటుందా? వితంతు వివాహాలు జరిపించి, వెలికి గురై నిలబడిన మనిషి ఆయన.

నాట్యవిద్యార్థిని

వీరేశలింగం గారి పట్ల నాకు తక్కువ గౌరవం లేదండీ. ఆయన లేకపోతే నేను ఈ చదువు చదివేదాన్ని కాదేమో. అందుకే ఆయన పటమూ ఉండాలంటాను. ఇద్దరి వాదమూ పక్కపక్కన చదివితే పిల్లలకు ఆలోచన పుడుతుంది. పెద్దలు పరస్పరం విభేదించారని తెలిస్తే వాళ్ల పట్ల గౌరవం తగ్గదు.

పుట్టిన ఊరు కొలమానమైతే మన గోడ ఖాళీ అవుతుంది. గరిమెళ్ల మద్రాసులో పోయారు. ఆంధ్రపత్రిక బొంబాయిలో పుట్టి మద్రాసులో పెరిగింది. కాళోజీ గారు పుట్టింది బీజాపూర్ జిల్లాలో. నాగరత్నమ్మ కాపాడింది తెలుగు కావ్యం. ఆ ఒక్క కారణం చాలు. తన నగలు అమ్మి, ఆస్తి ఖర్చుపెట్టి త్యాగరాజు సమాధిని నిలబెట్టారు. అక్కడ ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్న రోజుల్లో వాళ్ల కోసం వేరే ఆరాధన నడిపారు. అది రాజకీయం కాకపోతే మరేమిటి?

రంగస్థలి

సరిహద్దుల మాట వచ్చింది కాబట్టి బళ్ళారి రాఘవ గారి పేరు చెప్పే సమయం వచ్చింది. 1880లో తాడిపత్రిలో పుట్టారు. బళ్ళారిలో పేరున్న న్యాయవాది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. అంతమాత్రాన రాఘవ మనవాడు కాకుండా పోతాడా?

రాఘవకు ముందు తెలుగు నాటకం అంటే ఎక్కువగా పద్యం, రాగం. నటుడు ముందుకు వచ్చి పద్యం తీస్తే జనం మళ్లీ పాడమని కేకలు వేసేవారు. కథ అక్కడే ఆగిపోయేది. రాఘవ దాన్ని ఒప్పుకోలేదు. పాత్ర మాట్లాడాలి, కళ్లతో, మౌనంతో నడవాలి అన్నారు. పఠాన్ రుస్తుం వేషం గురించి చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, కుటుంబాల నుంచి వచ్చిన ఆడవాళ్లను రంగస్థలం మీదికి తెచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి గారు ఆయన పక్కన నటించారు. ఊరి మాటలకు వెరవకుండా నిలబడిన ఆ స్త్రీల ధైర్యం సత్యాగ్రహానికి ఏమీ తీసిపోదు. దీనబంధు కబీర్ నాటకాన్ని గాంధీ గారు చూశారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో ఆయన రైతు వేషం వేశారు. జమీందార్లకు కంటగింపైన సినిమా అది.

రెండో పేరు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, పేద ముస్లిం కుటుంబంలో పుట్టారు. ప్రజానాట్యమండలిలో బుర్రకథ చెప్పారు. బుర్రకథ నిర్మాణం చూడండి. నడుమ కథకుడు, భుజాన తంబుర, చేతివేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలు పట్టిన వంతలు ఇద్దరు. వాళ్లలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ పల్నాటి యుద్ధమైనా సరే, రాజకీయం చెప్పే వంత మధ్యలో ఆగి ఇవాళ్టి బియ్యం ధర అడుగుతాడు, ఊరి మునసబును అడుగుతాడు. మన పల్లె కళ రాజకీయానికి వేదిక మీద ఒక మనిషినే కేటాయించింది. బెంగాల్ కరువు వచ్చినప్పుడు ఆ కథలు చెప్పి జనం చేత విరాళాలు ఇప్పించారు. నాజర్ గొంతు విన్నవాళ్లు మా ఇళ్లలో ఇంకా ఉన్నారు. వేదిక ఎక్కితే మైకు అక్కర్లేదని చెబుతారు.

పెన్నతీరం

అనంతపురం నుంచి రాస్తున్నాను. బడిలో తెలుగు చెబుతాను. రాఘవ గారి పేరు వచ్చింది కాబట్టి సీమ గోడెక్కింది, ధన్యవాదాలు. మరొకరిని కూడా ఎక్కించండి. విద్వాన్ విశ్వం. 1915లో తరిమెలలో పుట్టారు. తరిమెల నాగిరెడ్డి గారితో కలిసి అనంతపురంలో నవ్య సాహిత్యమాల అనే ప్రచురణ సంస్థ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జైలుకు వెళ్లారు. తరువాత ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకుడయ్యారు. పెన్నేటి పాట కావ్యం 1956లో వచ్చింది, మీ నియమానికి అంచున ఉంది. దయచేసి పక్కన పెట్టకండి.

మా పిల్లలకు ఆ కావ్యం చదివి వినిపిస్తాను. పెన్నలో నీళ్లు లేవు, ఇసుకే ఉంది. ఆ ఇసుక ఒడ్డున రంగడు, గంగమ్మ అనే దంపతుల ఆకలి కథ. మిగతా చోట్ల నదుల గురించి రాసిన కవిత్వం నిండుగా పారుతుంది. మా నది గురించి రాసిన కవిత్వంలో దాహం ఉంది. కరువును గణాంకాల్లో చూపించే నివేదికలు చాలా వచ్చాయి. పొయ్యి వెలగని ఇంటి లోపలికి తీసుకెళ్లింది ఈయనే.

సీతానగరం

నేను ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. ఒక్క పేరు కోసం ఎదురుచూశాను, రాలేదు. కుసుమ ధర్మన్న.

గరిమెళ్ల వారు తెల్లదొరతనం వద్దన్నప్పుడు, రాజమహేంద్రవరం నుంచి ఈ దళిత కవి "మాకొద్దీ నల్లదొరతనము" అని రాశారు. స్వరాజ్యం వస్తే అది ఎవరి చేతికి వస్తుంది, మా వాడలో బావి నీళ్లు మాకు దక్కుతాయా అని అడిగారు. వైద్యం చేశారు, జయభేరి పత్రిక నడిపారు. అస్పృశ్యతకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగారు. గరిమెళ్ల పాట పాఠాల్లో ఉంది. దానికి ఎదురుగా నిలిచిన పాట పాఠాల్లో లేదు. గరిమెళ్ల బాధపడిన దేశం కోసమే ధర్మన్న కూడా బాధపడ్డారు. పాతప్రతి గారు గరిమెళ్ల లేకపోతే ఒప్పుకోనన్నారు. ధర్మన్న లేకపోతే నేను ఒప్పుకోను. గుర్రం జాషువా గారి పేరు ఎవరైనా ఎలాగూ చెబుతారు, గబ్బిలం తెలియని తెలుగువాడు లేడు కాబట్టి. ధర్మన్న పేరు మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

పాతప్రతి

సీతానగరం గారి మాటకు నా పూర్తి మద్దతు. రెండు పాటల మొదటి పంక్తులూ ఒకదాని పక్కన ఒకటి రాయించండి. అంతకంటే మంచి చరిత్ర పాఠం ఉండదు.

దూరతీరం

అమెరికాలో మా ఊరి తెలుగు బడికి ఈ చర్చ నుంచి కొన్ని పేర్లు తీసుకుంటున్నాను. గోదావరిగట్టు గారూ, చిత్రకారులెవరూ ఇంకా రాలేదు. దామెర్ల రామారావు గారు మీ పక్క ఊరివారే కదా?

గోదావరిగట్టు

అవును, రాజమహేంద్రవరం వారే. ఆ పేరు నేనే చెప్పాలని అట్టే పెట్టుకున్నాను. అక్కడి ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. పిల్లల్లో బొమ్మ వేసే చెయ్యి ఉన్నవాళ్లను గుర్తించి వెంటపెట్టుకుని తిరిగేవారు. ఆయన దగ్గర పెరిగిన ఇద్దరు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు. రామారావు గారు బొంబాయిలో జె.జె. కళాశాలలో చదివి వచ్చి, తన ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచితో 28వ ఏటనే పోయారు. ఆయన చిత్రాలు గోదావరి గట్టున ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో చూడవచ్చు. పుష్పాలంకరణ చిత్రం ముందు కాసేపు నిలబడండి. ఆ స్త్రీల చీర కట్టులో, జడల్లో, ఒంటి రంగులో మన గోదావరి ఆడవాళ్లే కనిపిస్తారు. రంగు ఎక్కడా అరవదు, గీత మాత్రం ఎక్కడా తడబడదు.

బాపిరాజు గారు సహాయ నిరాకరణలో జైలుకు వెళ్లారు. బందరు జాతీయ కళాశాల నడిపారు. నవలలు రాశారు, పాటలు కట్టారు, బొమ్మలు వేశారు, సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, హైదరాబాద్‌లో మీజాన్ పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆయన ఓరుగల్లు కథ రాశారు. గోన గన్నారెడ్డి నవల చదివి కాకతీయులను ప్రేమించిన కోస్తా పాఠకులు ఎంతమందో.

పేర్లు పన్నెండు దాటాయి. ఎవరినీ తీసేయడం నాకు ఇష్టం లేదు. చట్రాల పరిమాణం తగ్గించి రెండు వరుసలుగా పెట్టడానికి గ్రంథాలయ సంఘాన్ని ఒప్పించాను. బిరుదులు పటాల కింద రాయడం లేదు. కొన్నింటికి నేను రాసిన వాక్యాలు ఇవి. సరిచూసి చెప్పండి.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య: అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి తెచ్చినవారిలో ఒకరు. అన్యాయమైన పన్నుకు లొంగక ఊరే వదిలిన చీరాల నేతగాళ్లతో కలిసి నడిచారు.

ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ: ఆయన జైల్లో నవల రాశారు, ప్రభుత్వం నిషేధించింది. ఇద్దరూ కలిసి ఆడపిల్లలకు చదువు చెప్పించారు.

టంగుటూరి ప్రకాశం: యౌవనంలో నాటకాలు ఆడారు. అధికారంలో ఉండగా రాధికా సాంత్వనం మీద నిషేధం ఎత్తివేశారు.

కందుకూరి వీరేశలింగం, బెంగళూరు నాగరత్నమ్మ: ఇద్దరి పటాలూ పక్కపక్కనే. వీరేశలింగం గారి పటం కింద వితంతు వివాహాల సంగతి. నాగరత్నమ్మ గారి పటం కింద ఆమె ఆయనను అడిగిన ప్రశ్న.

దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి: ఒకే జైలు. ఒకరు గోడ మీద బొగ్గుతో పద్యం రాశారు. మరొకరు ఊరూరా పుస్తకాలు మోశారు.

షేక్ నాజర్: బుర్రకథ చెప్పి ఆకలిగొన్న బెంగాల్‌కు తెలుగు పల్లెల నుంచి సాయం పంపించారు.

చీరాలమగ్గం

"నేతగాళ్లతో కలిసి నడిచారు" అన్నారు, అదే సరైన మాట. నడిపించారు అనకుండా అలా రాసినందుకు మా ఊరి తరఫున నమస్కారం. నిజానికి ఆ పదకొండు నెలలూ బరువు మోసింది జనమే. వీలైతే ఆ పటం కింద రామనగర్ అన్న పేరు కూడా చేర్చండి.

రంగస్థలి

రాఘవ గారి వాక్యంలో పద్మావతీదేవి గారి పేరు తప్పక రావాలి. ఆయన పట్టుదల ఒక ఎత్తు, వేదిక ఎక్కిన ఆమె సాహసం మరొక ఎత్తు.

గోదావరిగట్టు

రెండూ చేరుస్తాను. ధర్మన్న గారి ఫోటో స్పష్టంగా ఉన్నది ఎవరి దగ్గరైనా ఉంటే తెలపండి. దొరకకపోతే మా ఊరి చిత్రకారుడి చేత గీయిస్తాం.

సీతానగరం

ఒక పాత సావనీరులో ముద్రించిన ఫోటో ఉంది. ఈ వారంలో స్కాన్ చేసి పంపుతాను.

ఓరుగల్లు

మఖ్దూం గారి పేరు తెలుగుతో పాటు ఉర్దూ లిపిలో కూడా రాయించండి. కింద వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: ప్రేమగీతాలూ కార్మిక గీతాలూ ఒకే కలంతో రాశారు, హుజూర్‌నగర్ రైతుల ప్రతినిధిగా శాసనసభలో కూర్చున్నారు. ఉర్దూ అక్షరాలు అందంగా రాసే పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. చట్రం కొలతలు చెబితే రాయించి పంపిస్తాను.